ఏ షాపు పెయింటు

మా రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో ఆఖరి పని పెయింటరుది. బాగుచేసిన వ్యాగన్ పక్క రేకు మీద ఏ షాపులో విప్పి చూశారు, ఏ నెలలో చూశారు, మళ్ళీ ఎప్పటికి తిరిగి రావాలి అని తెల్ల పెయింటుతో రాస్తాడు. ఆ రాత లేని వ్యాగన్‌ని ఏ గూడ్సుకీ తగిలించరు. ఎక్కడో అస్సాంలో ఇరుసు వేడెక్కి బండి ఆగినా, ఆ రాత చూసి రాయపూర్‌లో ఉన్న మమ్మల్ని నిలదీస్తారు. విప్పని వ్యాగన్ మీద ఆ రాత రాయించిన ఒక మేస్త్రీని నా కళ్ళముందే ఇంటికి పంపేశారు. అతని తరఫున ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, మాట్లాడటానికి ఏమీ లేదు గనక.

పదో తరగతితో బడి వదిలి ఖలాసీగా చేరిన నాకు ఆ తర్వాత చదువు నేర్పింది ఈ పెయింటే. కాలనీలో టీ కొట్టు దగ్గర ఎవరైనా ఫలానా దేశం ఫలానా దేశానికి ఇలా మాటిచ్చిందట అంటే, ఏ షాపు పెయింటు అని అడిగేవాణ్ణి. ఎవరు విప్పి చూశారు అని. పేపర్లో చూశామనేవాళ్ళు. పేపరువాడు ఎక్కడ చూశాడు అంటే, ఈయనకి ఇంకో టీ పొయ్యండిరా, కాసేపు నోరు మూస్తాడు అని నవ్వేవాళ్ళు.

రాయపూర్ రాజధాని అయిన కొత్తలో శంకర్ నగర్‌లో ఇంటర్నెట్ కొట్లు లేచాయి. గంటకింత అని తీసుకుని కూర్చోబెట్టేవారు. నేను వెళితే కొట్టు కుర్రాడు, అంకుల్‌కి రైలు టిక్కెట్టు కావాలేమో అనుకున్నాడు. పార్లమెంటులో జరిగిన చర్చలు కావాలి నాయనా అన్నాను. టీవీలో వస్తాయి కదా అన్నాడు. వాడు పెట్టలేకపోతే నేనే కిందా మీదా పడి తెరిచాను. మంత్రి అన్న ప్రతి మాటా ఉంది అందులో. మధ్యలో ఎవరు లేచి అరిచారో కూడా ఉంది. అన్నాళ్ళూ పేపరువాడు కోసి పెట్టిన ముక్కే మంత్రి మాట అనుకుని బతికాను.

తర్వాత ఒక్కొక్కటే దొరికాయి. దేశాల మధ్య ఒప్పందాలు, మొదటి పేజీ నుంచి సంతకాల దాకా. ప్రపంచ దేశాల సభలో ఏ తీర్మానానికి ఎవరు చెయ్యెత్తారు, ఎవరు ఊరుకున్నారు. ప్రభుత్వం తీసేసిన పాత పేజీలని ఎవరో పుణ్యాత్ములు దాచిపెట్టిన చోటు. మన దేశంలో పిల్లలు రాసిన థీసిస్‌లన్నీ ఒక దగ్గర పోగేసిన చోటు. అన్నీ తలుపులు తీసే ఉన్నాయి. వీటిని చూపించడానికని జీతాలు తీసుకునేవాళ్ళు ఊరినిండా ఉండి, ఒక్కడు ఒక్క పిల్లకి చూపించిన పాపాన పోలేదు. నాకు మండింది అక్కడే.

అడ్డంపడే తలుపులూ లేకపోలేదు. పరిశోధన వ్యాసాలు చాలావాటికి మొదటి పేరా చూపించి, మీది ఏ సంస్థ అని సైటు అడుగుతుంది. ప్రపంచంలో ఉన్న విశ్వవిద్యాలయాలన్నీ ఆ వరసలో ఉన్నాయి, నాకు తగిన పేరు ఒక్కటీ లేదు. డబ్బు కట్టమన్న చోట చూస్తే నెల పాల ఖర్చు. చివరికి, రాసినాయనకే వచ్చీరాని ఇంగ్లీషులో మెయిలు పెట్టాను. ఎక్కడో చలిదేశంలో ఉన్న ప్రొఫెసరు, నేనెవరో కూడా అడక్కుండా తన వ్యాసం పంపించాడు. అప్పట్నించి ఎవరినైనా అడగొచ్చని తెలిసింది. ఇక్కడివాళ్ళకి రాస్తే మాత్రం జవాబు రాలేదు.

రిటైరయ్యాక కాలనీ క్వార్టరు వదిలి ఊళ్ళోనే మోవాలో ఇల్లు కట్టుకున్నాం. కొడుకూ కోడలూ మనవరాలూ అంతా ఒకే చోట. మనవరాలు రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ.కి చేరింది. క్లాసులో మేడమ్ చెప్పింది రాసుకోవడం, బజార్లో దొరికే ప్రశ్న-జవాబుల గైడు బట్టీ పట్టడం, అదీ చదువు. ఆఖరి ఏడాది థీసిస్ రాయాలన్నారు. మనకీ పొరుగు దేశానికీ మధ్య ఉన్న ఒక నది ఒప్పందం మీద తీసుకుంది. ఇంట్లో కంప్యూటరు ముందు కుర్చీ పక్కన స్టూలు వేసుకుని నాకు తెలిసిన చోట్లన్నీ చూపించాను. ఆ నెలలు బాగుండేవి. పిల్ల నాకంటే చురుకు. నేను గంట వెతికేది అది టీ చల్లారేలోపు పట్టేసేది.

ఒకరోజు మధ్యాహ్నం గట్టిగా పిలిచింది. మూడు పుస్తకాలు తెరిచి పెట్టుకుని ఉంది. ఏడాది ముందు నోటీసు ఇచ్చి ఏ దేశమైనా ఆ ఒప్పందంలోంచి తప్పుకోవచ్చని మూడింట్లోనూ రాసి ఉంది. తెర మీద ఒప్పందం ఉంది. మొదట్నించి చివరిదాకా రెండుసార్లు చదివిందట. అలాంటి మాట ఎక్కడా లేదు. తర్వాత చేసిన సవరణలు ఉన్నాయేమో చూడమన్నాను. అవీ చూసింది, లేదు.

"ఒకడి పెయింటు చూసి ఇంకొకడు వేసేశాడు తాతా. ముగ్గురిలో ఒక్కడూ వ్యాగన్ విప్పలేదు" అంది.

జీవితంలో నన్నెవరూ అంత గొప్పగా మెచ్చుకోలేదు. అది నన్ను మెచ్చుకోవాలని అన్న మాట కాదు, అయినా సరే. ఆ సంగతి మీదే ఒక అధ్యాయం రాసింది. ప్రతి మాట కిందా అది ఎక్కడ చూసిందో, ఏ సైటులో ఏ పేజీయో, ఏ రోజు తెరిచిందో రాసింది. అచ్చం మా పెయింటరు రాసినట్టే.

దాని థీసిస్ చూసే గైడు సారు అది చూసి పక్కన పెట్టేశారు. నెట్ నుంచి ఎత్తిన సరుకు థీసిస్‌లో పనికిరాదన్నారట. లింకులన్నీ తీసెయ్యి, పుస్తకాలు పెట్టు, కనీసం నాలుగు పేజీల పుస్తకాల పట్టిక ఉండాలి, ఆ అధ్యాయం వద్దు అన్నారు. ఆ మూడు పుస్తకాల్లో ఒకటి ఆయన గురువుగారు రాసిందని పిల్ల మెల్లిగా చెప్పింది. ఆయన సంతకం లేకపోతే థీసిస్ తీసుకోరు. గడువు దగ్గరపడింది. అది దాటితే ఏడాది పోతుంది, ఏడాది పోతే పై చదువుకి పెట్టుకున్న దరఖాస్తూ పోతుంది.

నేను ఆయన ఇంటికి వెళ్ళాను. పిల్ల వద్దంటూనే వెంట వచ్చింది. మర్యాదస్తుడే, కాదనను. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి, బాబూజీ అని పిలుస్తూ హిందీలో ఓపిగ్గా చెప్పాడు. మీ అమ్మాయి రాసింది నిజమే అయివుండొచ్చు, కానీ బయటినుంచి వచ్చే పరీక్షకుడు ఏ సైటూ తెరవడు, చివరి పేజీలు తిప్పి ఎన్ని పుస్తకాలున్నాయో చూస్తాడు, లింకులు కనబడితే ఈ పిల్ల లైబ్రరీ గడప తొక్కలేదనుకుంటాడు, నష్టం ఎవరికి అన్నాడు. చదవని పుస్తకాలు చదివానని ఎలా రాస్తుందండీ అన్నాను. అందరూ రాసేదే బాబూజీ అని నవ్వాడు. విప్పని వ్యాగన్ మీద పెయింటు వేయించిన మేస్త్రీ కథ చెప్పాను. చాలా శ్రద్ధగా విన్నాడు. రైల్వేలో అంత క్రమశిక్షణ ఉండటం మెచ్చుకోదగ్గ విషయమేనన్నాడు.

ఇంటికొచ్చాక పైవాళ్ళకి ఫిర్యాదు రాద్దాం, ఇంగ్లీషులో నేనే రాస్తానన్నాను. కోడలు వంటింట్లోంచి, మామయ్యగారూ, దాని ఏడాది పోతుంది, మీకు దండం పెడతాను అంది. కొడుకు టీవీ సౌండు తగ్గించి మళ్ళీ పెంచాడు. పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకేటి తాతా, నువ్వు రిటైరైపోయావు. సంతకం కావాల్సింది నాకు."

"అబద్ధం రాసి తెచ్చుకున్న సంతకం ఏటి చేసుకుంటావే?"

"ఉద్యోగం చేసుకుంటాను" అంది.

ఆ అధ్యాయం తీసేసింది. నాలుగు పేజీల పుస్తకాల పట్టిక ఎక్కడినుంచి తెచ్చిందో కూడా చెప్పాలి. థీసిస్‌లన్నీ పోగేసిన చోటు ఒకటి ఉందన్నాను కదా, మిగతా పిల్లలు ఎలా రాశారో చూసి నేర్చుకోమని నేనే చూపించాను. అక్కడ నది ఒప్పందాల మీదే ఎవరో రాసిన పాత థీసిస్ ఒకటి తెరిచి, చివరి పేజీలు ఉన్నవి ఉన్నట్టు దించేసింది. స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. అందులో కొన్ని పుస్తకాలు ఈ రాష్ట్రంలో ఏ లైబ్రరీలోనైనా ఉన్నాయో లేవో కూడా తెలీదు. ఆ పాత థీసిస్ రాసినవాడు వాటిని చూశాడని నాకు నమ్మకం లేదు. ముందు పేజీలో, ఇందులో పేర్కొన్నవన్నీ నేను స్వయంగా పరిశీలించాను అని రాసి సంతకం పెట్టింది. గైడు సారు దాని కింద పెట్టారు.

మొదటి శ్రేణిలో పాసైంది. పుస్తకాల పట్టిక చాలా విస్తృతంగా ఉందని బయటి పరీక్షకుడు ప్రత్యేకంగా మెచ్చుకున్నాడట. కోడలు వీధంతా మిఠాయి పంచింది. నాకూ ఒకటి పెట్టారు. షుగరు అని చెప్పి పక్కన పెట్టాను.

ఇప్పుడు అది ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరరు. మాట్లాడుకుంటాం, మందులు అదే తెస్తుంది, కళ్ళ డాక్టరు దగ్గరికి అదే తీసుకెళుతుంది. నా మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. థీసిస్ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తం.

మొన్న ఆదివారం దాని విద్యార్థిని ఒకమ్మాయి ఇంటికొచ్చింది. బిలాస్‌పూర్ రోడ్డు ఎండలో స్కూటీ మీద వచ్చిందేమో, ముఖం కందిపోయింది. థీసిస్ తెచ్చుకుంది. నేను పక్కనే కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను. ఆ పిల్ల పార్లమెంటు చర్చలు తనే వెతికి పట్టిందట, ఎలా పట్టిందో ఉత్సాహంగా చెబుతోంది. పేపరు దించేశాను. మా పిల్ల కాగితాలు అటూ ఇటూ తిప్పి, బాగుంది బేటా, కానీ ఈ లింకులన్నీ తీసెయ్యి, పరీక్షకులకి నచ్చదు, పుస్తకాల పట్టిక నేను పంపిస్తాను, అదే పెట్టెయ్యి అంది. ఫోను తీసి పంపించింది కూడా. ఆ పిల్ల తన ఫోనులో చూసుకుంటుంటే నాకూ కనబడింది. నోటీసు సంగతి తప్పు రాసిన ఆ మూడు పుస్తకాల్లో ఒకటి పైనే ఉంది.

"ఏ షాపు పెయింటే అమ్మా అది?" అన్నాను.

మా పిల్ల నావైపు చూడలేదు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, దాదాజీ ఏమంటున్నారు మేడమ్ అని అడిగింది. పెన్షన్ ఇంకా ఎందుకు రాలేదని అడుగుతున్నారు అంది మా పిల్ల హిందీలో, కాగితాలు సర్దుతూ.

ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసింది. వాళ్ళ తాతగారి పెన్షన్ కూడా ఇలాగే ఆగిపోయిందట. దాదాజీ, ఇప్పుడు అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, మీకు తెలీదు కానీ దానికో సైటుంది, నేను వెతికి పెట్టనా అంది.