ఈల వినబడే దాకా

మాఘ బహుళ షష్ఠి, శుక్రవారం. కంఠేశ్వర్, నిజామాబాదు.

సోమవారం ఉదయం మా మరిది పోయాడు. ఊరి బయట రిజర్వాయరు గట్టు మీద, చేతిలో ఈలతో, నిలబడిన చోటనే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. కయాక్ పడవ పందేల్లో జాతీయ విజేతగా ఈ జిల్లాలో కొందరికైనా అతను తెలిసే ఉంటాడు.

పదకొండో రోజు కార్యం అయ్యాక తీరికగా రాయవచ్చు. ఆగకపోవడానికి రెండు కారణాలున్నాయి. చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద అతన్ని "ఒలింపిక్ వీరుడు" అని వేశారు. మా మరిది ఒలింపిక్స్‌కు పోలేదు. ఆసియా పోటీలకు ఒకసారి పోయి, పతకం లేకుండా వచ్చాడు. దేశంలో మాత్రం అతని పందెంలో అతన్ని దాటినవాడు కొన్నేళ్లపాటు లేడు. ఉన్నదే సరిపోయేటంత ఉన్నప్పుడు లేనిది కలపకూడదు. రెండో కారణం నా మనవరాలు. అతను కూలబడినప్పుడు నీళ్ల మీద ఉన్నది ఆమే. ఆ రోజు నుంచి పడవ ముట్టలేదు. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసే పందెం ఈ మైల రోజుల్లోనే వచ్చి పడింది. దానికోసం చిన్న తాత దగ్గర రెండేళ్లు కష్టపడ్డ పిల్ల, ఇప్పుడు గదిలోంచి బయటికి రావడం లేదు.

నేను కోడలిగా కోటగిరికి వచ్చేనాటికి అతను చొక్కా వేసుకోమని ఇంకొకరు వెంటపడవలసిన వయసులో ఉన్నాడు. మాకు చెరకు ఉండేది. గానుగ దగ్గర బెల్లం కాచే ఇనుప పెనం, ఇద్దరు మగవాళ్లు పడితే తప్ప లేవనిది, ఉండేది. కాలువకు నీళ్లు వదిలిన ఒకనాడు తోటి పిల్లలతో ఆ పెనాన్ని దొర్లించుకుపోయి, నీళ్లలో దింపి, రెండు చెక్కలు పట్టుకుని అందులో కూర్చున్నాడు. గుండ్రటి పెనానికి ఒక పక్కనే తెడ్డు వేస్తే అక్కడికక్కడే గిరగిర తిరుగుతుంది. ఇటొకటి, అటొకటి వేస్తేనే ముందుకు పోతుంది. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు, పెనమే నేర్పింది.

మా మామగారు చెరకుగడ పట్టుకుని గట్టు వెంట ఉరికారు.

"బయటికి రారా! పెనానికి ఏమన్నైతే బెల్లం నీ నెత్తి మీద కాస్తనా?"

"గడ కింద పారేస్తెనే వస్త బాపూ!"

గట్టు మీద అందరూ నవ్వారు. నవ్వు ఎక్కువసేపు లేదు. కొంచెం ముందు కాలువ మెట్టులా కిందికి దూకే చోటు ఉంది. నీళ్లు పెనాన్ని అటు లాగుతున్నాయి. మామగారు గడ పారేశారు. ఆడవాళ్లు అరిచారు. అతను అరిచే వాళ్లవైపూ చూడలేదు, నీళ్లు దూకే వైపూ చూడలేదు. ఒడ్డున ఒక తుమ్మకొమ్మ వంగి ఉంటే దాన్నే చూస్తూ, ఇటొకటి అటొకటి వేసుకుంటూ వచ్చి దాన్ని పట్టుకున్నాడు. పెనం కూడా దక్కింది. మామగారు అతన్ని కొట్టలేదు. చాలాసేపు పెనాన్నే తడుముతూ కూర్చున్నారు.

ఇంటరు తర్వాత సైన్యంలో చేరాడు. అక్కడ అతని ఈత చూసిన సుబేదారు పడవ పందేల జట్టుకు పంపాడు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు మా వంటింట్లో చపాతీ కర్రను నేల మీద పెట్టి, దానిపైన పీట వేసి, పీట మీద కూర్చుని చీపురును తెడ్డులా పట్టుకున్నాడు.

"వదినె, ఒక్కసారి కూసొని సూడు. కయాక్ అంటె గిట్లనే ఉంటది."

"నాకు రొట్టెల పనుంది. కర్ర ఇయ్యి."

"బడిల లెక్కలు చెప్పినంత అల్కగ ఉండదని భయమా?"

కూర్చున్నాను. కూర్చున్నంతసేపు కూడా పట్టలేదు, పోయి పిండిడబ్బా మీద పడ్డాను. మా ఆయన పడీపడీ నవ్వారు. మరిది నవ్వలేదు. నన్ను లేపుతూ, "కదలకుంట కూసున్నవు వదినె, గందుకే పడ్డవ్. గా పడవ ఆగితె ఊగుతది, నడిస్తె నిలుస్తది" అన్నాడు. పందెపు కయాక్ మనిషి నడుముకు సరిపోయేంత వెడల్పే ఉంటుందనీ, తెడ్డు పడుతూ ఉంటేనే నీటిని ఆనుకుని నిలకడగా పోతుందనీ తర్వాత తెలుసుకున్నాను. ఆ మాట అతను నాకు పడవ గురించే చెప్పాడు. నేను చాలా వాటికి వాడుకున్నాను.

భోపాల్‌లో జాతీయ పోటీకి నేనూ మా ఆయనా పోయాము. అంతకు ముందటి ఏడు గెలవవలసిన పందెం అతని చేయి జారింది. చివరలో పక్క వరుస పడవ ఎంత దూరంలో ఉందోనని చూశాడు. తల తిరిగిన వైపు ఒళ్లు, ఒళ్లు తిరిగిన వైపు పడవ. అంతే పోయింది. ఈసారి గాలి అడ్డంగా కొడుతోంది. పడవలు ఒకదాని పక్కన ఒకటి సూదుల్లా బయలుదేరాయి. సగం దూరంలో సరిగ్గా అతని పక్క వరుసలో పడవ తిరగబడింది. జనమంతా ఒక్కసారిగా లేచారు. మా ఆయన నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గాజు పగిలింది. లేచిన అల మా మరిది పడవను తాకడం, పడవ వణకడం అంత దూరం నుంచి కూడా కనిపించింది. అతని తల మాత్రం కదల్లేదు. పడవ ముక్కంత తేడాతో గెలిచాడు.

తర్వాత మా ఆయన అడిగారు. "పక్కోడు మునిగిండు గదరా, నీకు భయం కాలేదా?"

"ఎవడు మునిగిండు?"

నిజంగానే తెలియదు. తెలిశాక మెడలో పతకంతోనే ఉరికి ఆ పిల్లవాణ్ని వెతికి, తన స్వెటరు తొడిగి, టీ తాగించి వచ్చాడు. ఆ గెలుపులో నాకు గుర్తున్న ముఖ్యమైన భాగం అదే.

సైన్యం నుంచి వచ్చేశాక రెండు పాత పడవలు సంపాదించాడు. వాటిని చెరకు ట్రాలీ మీద కట్టి బోధన్ రోడ్డున తెస్తుంటే దారిలో ఒకాయన ఆపి, "ఏందన్న గది, ఇమానం రెక్కనా?" అని అడిగాడట. "ఔ కాక, ఇంకో రెక్క ఎనుక ట్రాలీల వస్తున్నది" అన్నాడట ఇతను. ఆ రెండు పడవలతో రిజర్వాయరు దగ్గర ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. ఎక్కువమంది బీడీలు చేసే ఇళ్ల పిల్లలు. తల్లులకు భయం. చాటలతో గట్టు మీదికే వచ్చి, తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ కూర్చునేవారు. చేతులు చాటలో, కళ్లు నీళ్ల మీద.

మొదటి రోజు అతను ఏ పిల్లకూ తెడ్డు ఇచ్చేవాడు కాదు. జాకెట్ తొడిగి, పడవలో కూర్చోబెట్టి, తనే తిరగబోసేవాడు. నీళ్లలోంచి సొంతంగా బయటికి వచ్చాకే పాఠం. "పడుడు నేర్చుకుంటెనే భయం పోతది" అనేవాడు. నా మనవరాలిని తిరగబోసిన రోజు నేను గట్టున ఉన్నాను. ఆమె తల పైకి వచ్చేదాకా నేనూ ఊపిరి పీల్చలేదు. పైకి వచ్చి, ముక్కు చీది, "ఇంకోసారి తాతా" అంది.

అతని గట్టి నియమం ఒకటుంది. బయలుదేరడానికి చెయ్యి ఊపుతాడు. పందెం చివరకు గుర్తుగా పాతిన ఎర్రజెండాకు ఎదురుగా గట్టున నిలబడి, పడవ దాన్ని దాటగానే ఈల ఊదుతాడు. "జెండా ఉన్నదానికంటె దగ్గర్నే కనవడ్తది, చేతులు ముందుగాల్నే ఆగిపోతయి. ఈల వినబడేదాంక తెడ్డు ఆపొద్దు" అనేవాడు. ఆపిన పిల్లను తిట్టడు. మళ్లీ మొదటికి పంపుతాడు, అంతే.

సోమవారం మిగతా పిల్లలకు పరీక్షలున్నాయి. నా మనవరాలు ఒక్కతే నీళ్ల మీద ఉంది. అతను చెయ్యి ఊపాడు. ఆమె బయలుదేరింది. ఎర్రజెండా దాటింది. ఈల రాలేదు. ఆమె ఆపలేదు, నేర్పినట్టే తల పక్కకు తిప్పలేదు. జెండా వెనకబడింది, చేతులు మండుతున్నాయి, ఈల రాలేదు. అవతలి ఒడ్డు తుంగలో పడవ ముక్కు గుచ్చుకున్నాక గాని ఆమె వెనక్కి తిరగలేదు. అప్పుడు గట్టు మీద గుమిగూడిన మనుషులు కనిపించారు.

మూడో రోజు మంజీర ఒడ్డున పిట్టకు పెట్టాము. అతనికిష్టమైన పోలెలు, పప్పు బెల్లం పూర్ణంతో చేసి ఆకులో వేసి దూరంగా నిలబడ్డాము. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లకు కోరిక మిగలలేదని లెక్క. కాకి తుమ్మచెట్టు మీదికి వచ్చింది గాని దిగలేదు. మా ఆడబిడ్డ మొక్కడం మొదలుపెట్టింది.

"తమ్మీ, నీ పెండ్లాన్ని మంచిగ సూస్కుంటం, ముట్టు... నీ పడవలు ఎవ్వరికి అమ్మం, ముట్టు తమ్మీ." కాకి కదల్లేదు. ఆమె నా మనవరాలిని ముందుకు నెట్టింది. "నువ్వు చెప్పు బిడ్డ. పడవ ఎక్కుత తాతా అను. గంతే."

పిల్ల నా వెనక్కి జరిగింది.

"పొద్దుగాల మైలల పందెమేందన్నవ్. ఇప్పుడు ఎక్కుమంటున్నవ్. ఏదన్న ఒక్కటి చెప్పు" అన్నాను.

"కాకి ముందల వేరే, మంది ముందల వేరే వదినె!"

పిల్ల ఆ మాట అనలేదు. కొంతసేపటికి కాకి ముట్టింది. ఎవరి మాటకు ముట్టిందో నేను రాయను. ఆ సమయానికి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

ఆ రోజు ఇంటికి వచ్చాక పిల్ల మొదటిసారి నోరు విప్పింది. "ఈల రాకపోతె ఆపి చూడాలె గదవ్వా. నేను ఆపలే. ఆపి తిరిగొస్తె తాత బతుకుతుండె." తెలియని దానికి జవాబు చెప్పడం నాకు అలవాటు లేదు.

జవాబు నిన్న దానంతట అది వచ్చింది. గట్టు మీద కూర్చునే బీడీ తల్లుల్లో ఒకామె చాట చంకన పెట్టుకుని మా గడప దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్టు మీద కూర్చుంది.

"మేడం, చెప్పకుంట ఉంటె నాకు అన్నం పోతలేదు. పిల్ల నడిమిట్ల ఉన్నప్పుడు సార్ మోకాళ్ల మీద కూలవడ్డడు. నేను ఉరికిన. మా పక్కామె అంబులెన్సుకు ఫోన్ చేసింది. పిల్లను పిలుస్త సార్ అన్న. చెయ్యి అడ్డం పెట్టిండు. 'పిలువకు, భయపడి ఆగితె పడ్తది, తీసెటోళ్లు లేరు. పోనియ్యి' అన్నడు. కండ్లు పిల్ల మీద్నే ఉన్నయి. నేను పిలువలే. పిలువాల్నుండెనా మేడం?"

అది రెండో మనిషి నోట అదే ప్రశ్న. ఆమె కూడా అప్పటినుంచి దాన్ని మోస్తోంది.

గది తలుపు తెరుచుకుంది. మనవరాలు వచ్చి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మరి ఈల ఎందుకు ఊదలే?"

"నోట్ల పెట్టుకున్నడు బిడ్డా. ఊపిరి చాలలే."

నాలుగు రోజులుగా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఆ తల్లి చాట పక్కన పెట్టి ఆమె తల ఒళ్లోకి తీసుకుంది. నేను లోపలికి పోయి ఇద్దరికీ టీ పెట్టాను.

రాత్రి అన్నం దగ్గర పిల్ల అడిగింది. "అవ్వా, పందెం మైలల పడ్డది గదా. పోనిస్తరా?"

"పందెం ముచ్చట తర్వాత. ముందుగాల సోమవారంది పూర్తి చెయ్యి" అన్నాను.

ఇక జరగవలసినవి:

1. పదకొండో రోజు కార్యం నా తోడికోడలు, అంటే అతని భార్య, ఎలా కోరితే అలా జరగాలి. ఇతరుల సలహాలు అక్కరలేదు.

2. ఫ్లెక్సీ మీది "ఒలింపిక్" మాట తీసేయాలి. "జాతీయ విజేత" అని రాస్తే చాలు. కట్టినవారి ప్రేమకు నమస్కారం.

3. అతని మొదటి శిష్యురాలు ఇప్పుడు మోర్తాడ్‌లో వ్యాయామం టీచరు. సోమవారం నుంచి గట్టు మీద తాను నిలబడతానని ఒప్పుకుంది. తల్లులు పిల్లల్ని పంపాలి, వాళ్లూ రావాలి, చాటలతోనే.

4. ఎంపిక పందేనికి నా మనవరాలు పోతుంది. మైల అనేవారు వచ్చి నాతో మాట్లాడాలి, పిల్లతో కాదు.

5. రేపు తెల్లవారగానే ఆమె అదే పడవలో, అదే చోటు నుంచి బయలుదేరాలి. ఎర్రజెండా దగ్గర, అతను నిలబడిన చోట నేను నిలబడతాను. ఈల నా తోడికోడలు కడిగి, తుడిచి నా కొంగున కట్టింది. నాకు ఊదడం రాదు. పొద్దున్నుంచి పెరట్లో నేర్చుకుంటున్నాను, ఇప్పటికి గాలే వస్తోంది. రేపటికి రావాలి. పడవ ముక్కు జెండా దాటగానే ఊదాలి. అప్పుడు గాని ఆమె తెడ్డు దించదు.