అన్నయ్య జబ్బు, నా కడుపులో బిడ్డ

అన్నయ్య బందరులో డిగ్రీ చదువుతుండగా జబ్బు బయటపడింది. హాస్టల్ గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని, అన్నంలో ఏదో కలుపుతున్నారని, పరీక్షలు వదిలేసి దివిసీమలోని మా ఊరికి వచ్చేశాడు. తాయెత్తులు, మంత్రాలు అన్నీ అయ్యాకే గుడివాడలో మానసిక వైద్యుడికి చూపించాం. స్కిజోఫ్రీనియా అన్నారాయన. మాత్రలు పడ్డాక అరుపులు తగ్గాయి. నవ్వడమూ తగ్గింది.

కొన్నేళ్లకు నాకు పెళ్లయింది. ఐదో నెలలో ఉండగా, "వాళ్ల రక్తంలోనే ఉందట" అని మా చిన్నత్తగారు ఎవరితోనో అనడం చెవిన పడింది. అప్పటినుంచి బిడ్డ కదిలినా భయమే, కదలకపోయినా భయమే. వంటింట్లో ఉండగా ఎవరో పిలిచినట్టు అనిపిస్తే, నిజంగా పిలిచారో లేదో వెళ్లి కనుక్కుని వచ్చేదాన్ని.

గుడివాడ డాక్టరుగారి దగ్గర అన్నయ్యకు మళ్లీ మాత్రలు రాయించుకోవడానికి వెళ్లిన రోజు అమ్మా అన్నయ్యలతో నేనూ వెళ్లాను. అన్నయ్య బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అడిగేసింది.

"ఉప్పెన వచ్చినప్పుడు వాడు నా కడుపులో ఉన్నాడండీ. తెల్లార్లూ తాడిచెట్టు పట్టుకుని ఉన్నాను. తర్వాత సరైన తిండి కూడా లేదు. నా వల్లే వచ్చిందాండీ?"

ఇన్నేళ్లలో అమ్మ ఆ మాట మా ఎవరితోనూ అనలేదు.

"అదీ కొంత కారణం కావచ్చమ్మా. కానీ అదొక్కటే అయితే ఆ ఏడు మీ ఊళ్లో పుట్టినవాళ్లందరికీ రావాలిగా?" అన్నారు డాక్టరుగారు. "పుట్టుకతో వచ్చేది కొంత, కాన్పు కష్టమైతే కొంత, చదువుకునే వయసులో పడే ఒత్తిడి, గంజాయిలాంటివి కొంత. ఏది ఎంతో నేనూ చెప్పలేను. మీ పెంపకం వల్ల మాత్రం రాలేదు."

"మరి నా బిడ్డకి?" అన్నాను.

"మేనమామకు ఉంది కాబట్టి మిగతావాళ్లకన్నా అవకాశం కొద్దిగా ఎక్కువే. కానీ రానివాళ్లే చాలా ఎక్కువమ్మా. వేళకి తినండి, కాన్పు ఆసుపత్రిలోనే చేయించుకోండి."

రాదని మాత్రం ఆయన అనలేదు. ఆ ఒక్క మాట కోసమే నేను వెళ్లింది.

బస్సులో అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే అన్నయ్య లేచి, "గాలి తగుల్తుంది, ఇటు కూర్చోమ్మా" అని కిటికీ పక్క సీటు ఇచ్చాడు.

ఆడపిల్ల పుట్టింది. చూడటానికి వచ్చిన అన్నయ్య ఎత్తుకోబోతూ నా మొహం వంక చూశాడు. అందించాను. మాత్రల వల్ల అతని చేతులు వణుకుతున్నాయి. పిల్ల తల కింద నా చెయ్యి అలాగే ఉంచాను.

పిల్లకి మాటలు వచ్చాక ఒంటరిగా ఆడుకుంటూ కబుర్లు చెప్పేది. ఎవరితోనోనని తలుపు పక్కన నిలబడి వినేదాన్ని. ఒకసారి అన్నయ్య నన్ను చూశాడు.

"బొమ్మతోనేలేవే" అన్నాడు.