బుగ్గల ఎరుపు

ఉత్తర కొరియాలోని చోంగ్జిన్ రేవు దగ్గరి శిశుశాలలో బున్నే ఆయా. పొద్దున్నే పిల్లల ముక్కులు తుడిచి, బుగ్గలు తడిమి చూస్తేగాని ఆమెకు తోచదు. కిందటేడు పాలపొడి పంపే విదేశీయులు పిల్లలను చూసిపోదామని వచ్చారు. పరాయివాళ్ల ముందు దేశం పరువు పోకూడదని పైవాళ్ల ఆజ్ఞ. బక్కపిల్లలను వెనకగదిలో పడుకోబెట్టి, కాస్త కండ ఉన్నవాళ్లను ముందు నిలబెట్టి, బుగ్గలు గిల్లి ఎర్రగా చేసింది బున్నే. "ఇక్కడి పిల్లలు బాగానే ఉన్నారే!" అని మెచ్చుకుని వెళ్లారు వాళ్లు. పాలపొడి వేరే ఊరికి పోయింది.

"పైవాళ్లు చెప్పిందేగా చేశావు, నీ తప్పేముందక్కా?" అంటుంది వంటామె.

"బుగ్గలు గిల్లమని ఎవరూ చెప్పలేదే."

గిల్లించుకోవడం ఆటనుకున్న చిన్నారి సొల్మి ఈ పొద్దు కూడా గంజి తాగి మొహం ముందుకు పెట్టింది. "గిల్లవా, అమ్మమ్మా?"

గిల్లబోతే వేళ్ల మధ్యకు బుగ్గ రాలేదు.