మడమ కింది కార్పెట్

ఒక్క దగ్గర కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పెళ్లికి ముందు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేటప్పుడు చేతుల పని చేతులు చేస్తున్నా కాలు మాత్రం ఊగుతూనే ఉండేది. తంబాకు చెదిరిపోతోందని అమ్మ తొడ మీద ఒక్కటి వేసేది. కాపురానికి బాన్సువాడ వచ్చాక పికప్ వ్యాను నడపడం నేర్చుకున్నది కూడా ఈ బుద్ధి వల్లే. మా ఆయన కిరాయికి వెళ్తుంటే నేనూ ఎక్కేదాన్ని. ఎక్కాక ఊరుకోవాలి కదా, ఆ గేరు ఎందుకు, ఈ పెడల్ ఎందుకు అని ప్రాణం తీస్తుంటే, ఒకనాడు విసిగిపోయి కోతలైన పొలంలో స్టీరింగ్ నా చేతికిచ్చాడు. తర్వాత లైసెన్సు కూడా తీయించాడు. అంతా సరదాకే. అదే మాకు కూడు పెడుతుందని ఇద్దరం అనుకోలేదు.

పోయిన యాసంగి కోతలప్పుడు, బండిలో వడ్ల బస్తాలు వేసుకున్నాక వాన మొదలైంది. మా ఆయన పైకెక్కి తాటిపత్రి కప్పబోయి జారి కింద పడ్డాడు. కుడి తొడ ఎముక విరిగింది. నిజామాబాద్ దవాఖానలో రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు వంగలేదు. వంగొచ్చు అన్నాడు డాక్టరు. వంగకపోవచ్చు అని కూడా ఆయనే అన్నాడు. మోకాలు వంగకపోతే బ్రేక్ తొక్కలేడు, బ్రేక్ తొక్కలేనివాడు బండి నడపలేడు. ఈ మాట ఇంట్లో ఎవరం పైకి అనలేదు. ఆయన మంచం మీద, నేను బండిలో. వసారాలో పడుకుని, నేను బండి తిప్పుతుంటే గేరు చప్పుడు విని, "సెకండ్ల ఎయ్యి, సెకండ్ల!" అని అరిచేవాడు. నాకు ఒళ్లు మండేది.

బండి పాతది. మద్నూర్ అవతల ఒక మరాఠీ ఆసామి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. లోపల బూడిద రంగు కార్పెట్ వేసి ఉండేది. పెడల్స్ దగ్గర మా ఆయన మడమ ఆనే చోట అది అరిగి అరిగి చిన్న గిన్నెంత గుంత పడింది. అందులోంచి రేకు కనిపించేది. ఆయన పొడుగు మనిషి, పెద్ద పాదం. నా పాదం చిన్నది. నా మడమ సరిగ్గా ఆ గుంత అంచు మీద పడేది, పోగులు లేచి ఉన్న చోట.

ఒకరోజు నస్రుల్లాబాద్ నుంచి లోడుతో వస్తున్నాను. బస్టాండు ముందు ఆటో ఒకటి ఉన్నట్టుండి ఆగింది. బ్రేక్ మీదికి కాలు తేబోతే చెప్పు ఆ పోగుల్లో చిక్కుకుంది. ఎట్లా లాక్కున్నానో, ఎట్లా తొక్కానో తెలియదు. ఆటోకు జానెడు దూరంలో ఆగాను. ఆటోలో వెనక్కి తిరిగి కూర్చున్న అవ్వ, ఒళ్లో పాపను గట్టిగా పట్టుకుని నా వైపే చూస్తోంది.

"రేపే గా కార్పెట్ పీకేయిస్త," అన్నాను ఇంట్లో అడుగు పెడుతూనే. జరిగింది చెప్పాను.

"చెప్పులు ఇడిసి నడుపు," అన్నాడు మంచం మీద నుంచి. "ఇన్నేండ్ల సంది నాకేం అడ్డం రాలే గది."

"నీ మడిమెకు నువ్వు గుంత చేస్కున్నవ్. నేనేడ పెట్టాలె కాలు?"

"కొన్ని దినాలే గదనే. ఇగ నేను లేస్త. నా బండి నాకు అట్లనే ఉండాలె."

"గా కొన్ని దినాలల్ల నేను సస్తే?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిరగడం కూడా ఒక్కసారిగా తిరగలేడు, కాలిని చేత్తో పట్టుకుని జరుపుకోవాలి. జాలేసింది. జాలి కంటే ముందు కోపం వచ్చింది. ఆ గుంత ఉన్నంతకాలం ఆ సీటు తనదే అని ఆయన పట్టుదల. అది నాకు తెలియక కాదు. కానీ ఆ అవ్వ చూపు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

పొద్దున నేను తాళంచెవి తీసుకునేసరికి ఆయన అంగీ మార్చుకుని, చేతికర్ర పట్టుకుని తయారుగా ఉన్నాడు. "నేనూ వస్త. నిన్నొక్కదాన్ని తోలితే గా సీట్ కవర్ల భాయ్ ఏదో ఒకటి అంటగడ్తడు," అన్నాడు. పక్క సీట్లో కాలు చాపించి ఎక్కించాను.

బోధన్ రోడ్డు మీద రేకుల షెడ్డు ఆ సీట్ కవర్ల మిస్త్రీది. సీట్లు విప్పి బయటపెట్టి, పాత కార్పెట్ అంచు పట్టి లాగాడు. తడి వాసన గుప్పుమంది. కింద బీడీ ముక్కలు, మట్టి, ఎప్పుడు రాలాయో వడ్ల గింజలు. కొన్ని ఆ తేమకు మొలకలెత్తి, ఎండ తగలక తెల్లగా ఉన్నాయి. మా ఆయన స్టూలు మీద కూర్చుని వాటినే చూస్తున్నాడు. నేను బండి చుట్టూ తిరుగుతున్నాను. "ఒక్క దగ్గర నిలవడవే, నా తల తిరుగుతున్నది," అన్నాడు. నిన్నటి నుంచి నాతో సరిగ్గా మాట్లాడింది ఆ మాటే. రంగు కూడా ఆయనే చెప్పాడు, నల్లది, మట్టి కనబడదని.

కొత్త కార్పెట్ కత్తిరించి, మూలల్లో దూర్చి, బంక పూసి అతికించాక మిస్త్రీ సీట్లు మళ్లీ బిగించాడు. చేతిలోకి ఒక రబ్బరు ముక్క తీసుకున్నాడు. "మడిమె కింద గీ పట్టీ ఏస్తే జల్ది అరగది. డ్రైవర్ జర ఎక్కి కూసొని బ్రేక్ తొక్కితే నిషాన్ పెట్టుకుంట," అన్నాడు, సుద్దముక్క వెతుక్కుంటూ.

నేను కదల్లేదు. మా ఆయన లేచాడు.

కర్ర బండికి ఆనించి, తలుపు పట్టుకుని, ఎడమ కాలు లోపల పెట్టి సీటు మీదికి చేరాడు. కుడి కాలు బయటే ఉండిపోయింది, చాచిన చెయ్యిలా. రెండు చేతులతో దాన్ని ఎత్తి లోపలికి తీసుకోబోతే పాదం తలుపు అంచుకు కొట్టుకుంది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ కొట్టుకుంది. పట్టుకుందామని పోబోయి ఆగిపోయాను. మిస్త్రీ సుద్దముక్క దొరికినా ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. ఆయన స్టీరింగ్ మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత మెల్లగా దిగాడు.

"సీటు ముందటికి జరుపు భాయ్," అన్నాడు. "ఆమె పొట్టిది."

నేను ఎక్కి కూర్చున్నాను. బ్రేక్ తొక్కాను. మిస్త్రీ వంగి నా మడమ చుట్టూ గీత గీశాడు. ఏడుపొచ్చేసింది. ముఖం అటు తిప్పుకుని, అవసరం లేకపోయినా కాలు ఇంకా గట్టిగా నొక్కాను.

అప్పటి నుంచి ప్రతి కిరాయికీ ఆయన నా పక్కనే. బేరం ఆయనది, నడపడం నాది. వంగొచ్చు అనే మాట డాక్టరు ఇప్పుడు అనడం లేదు. ఎదురుగా బర్రె వచ్చినా, బస్సు వచ్చినా ఆయన కుడికాలు నేలను తొక్కుతుంది. "ఏందయ్యా, నీ దిక్కు బ్రేక్ లేదు," అని ఏడిపిస్తాను. "నువ్వు నడుపుతుంటే భయం కాదా మరి," అంటాడు.

మొన్న బండి కడుగుతూ చూశాను. నా వైపు రబ్బరు పట్టీ చెక్కుచెదరలేదు. ఆయన వైపు, ఏ పెడలూ లేని చోట, కొత్త కార్పెట్ మీద మడమంత మేర నూగు పోయి నున్నగా అయింది. మిస్త్రీ దగ్గరికి వెళ్లి ఇంకో పట్టీ తెచ్చాను. ఆయన్ను ఎక్కించి, ఆ వంగని కాలు చాపించాను.

"బ్రేక్ తొక్కు," అన్నాను.

నా ముఖం వంక చూసి, తొక్కాడు. ఆ మడమ చుట్టూ సుద్దముక్కతో నేనే గీత గీశాను.