రోజుకు ఒక్క ఎత్తు

2003 జూన్ 9, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా అల్లుడు ఒక ఆటపెట్టెను నా కూతురి చేతిలో పెట్టి, బెంగళూరు బస్సు అందుకోవడానికి వెళ్లిపోయాడు. అప్పటికి నా కూతురికి సరిగ్గా ఇరవై నాలుగు వారాలు నిండాయి. అంతకుముందు రెండుసార్లు గర్భం నిలవలేదు. ఒకటి ఇరవయ్యో వారంలో, ఇంకొకటి ఇరవై ఆరో వారంలో పోయాయి. ఈసారి డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి, ముప్పై ఏడు వారాలు నిండేదాకా బాత్రూముకు తప్ప మంచం దిగకూడదని చెప్పింది. పదమూడు వారాలంటే తొంభై ఒక్క రోజు. సెప్టెంబరు 7, ఆదివారంతో సరి. క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్రసిరాతో గీశాను.

మాది బుక్కరాయసముద్రం. నేను ఇరవై తొమ్మిదేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో మేమిద్దరమే. కూతురు కుదురుగా ఉండే మనిషి కాదు. కాలేజీలో ఖోఖో ఆడింది. అన్నం కూడా తిరుగుతూ తినే రకం. అటువంటి మనిషిని తొంభై ఒక్క రోజు పడుకోబెట్టడమే ఆ ఏడాది నా పని.

ఆ పెట్టె, అల్లుడి మాటలో వీడియోగేము, నా అరచేతికంటే కొంచెం వెడల్పు. దాని తెరకు సొంత వెలుగు లేదు. కిటికీ వైపు వంచి పట్టుకుంటేనే బొమ్మ కనబడేది. అందుకని మంచాన్ని కిటికీ కిందికి జరిపించాను. ఆట సంగతి ఇది: ఎక్కడో ఒక ఎర్రమట్టి గ్రహం. ఆకాశంలో ఇద్దరు సూర్యులు. మనుషులు అక్కడికి పోయి ఊరు కట్టుకుంటే, నడిపేవాడు లేకుండా తిరిగే యంత్రాలు వాళ్ల మీదికి వస్తాయి. నేలంతా గళ్లు. రెండు వైపులా ఒక్కో ఠాణా, అంటే దండు ఉండే ముఖ్యమైన గడి. ఒకసారి మన బండ్లనూ కాలిబంట్లనూ మనం జరపాలి, ఆ తర్వాత యంత్రాలు తమవి జరుపుతాయి. పులిజూదం లాగానే, తొందర లేదు. మనం మీట నొక్కేదాకా అవతలివాడు కదలడు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మూడో రోజు, బుధవారం పొద్దున కూతురు ఉత్సాహంగా పిలిచింది.

"అమ్మా, పందొమ్మిదో రోజుకొచ్చినా. ఇంకో మూడు రోజుల్లో వాళ్ల ఠాణా నాదే."

"మొన్న గదా మొదలుపెట్టినావు, పందొమ్మిదో రోజు యాడినుంచి వచ్చె?"

"ఆటలో రోజులమ్మా. మనం ఒకసారి, వాళ్లు ఒకసారి జరిపితే ఒక రోజు. చూడు, ఈడ రాసుండాది."

చూశాను. రోజు అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటా, పక్కన అంకే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"రోజంటే రోజే పాపా. పొద్దు పుట్టల్ల, పొద్దు గూకల్ల. నువ్వు పూటకు పదిరోజులు మింగుతాంటే, ఈ ఆట వారానికి అయిపోతాది. తర్వాత మంచం మీద ఏం జేస్తావు?"

"లేసి తిరుగుతా."

"అందుకే చెప్తాండా."

అదే రోజు, జూన్ 11న, ఆట మళ్లీ మొదటినుంచి మొదలైంది. రోజుకు ఒక్క ఎత్తు. బేసి రోజులు కూతురివి, సరి రోజులు నావి. ఎంతసేపైనా ఆలోచించవచ్చు, పోట్లాడవచ్చు. చివరి మీట మాత్రం రోజుకు ఒకసారే నొక్కాలి. నేను గళ్ల కాగితాలు నాలుగు అతికించి ఆ నేలంతా గీశాను. అడ్డం ముప్పై గళ్లు, నిలువు ఇరవై. బండ్లకు చింతగింజలు, కాలిబంట్లకు కందిబేడలు, శత్రువులకు నల్లగుండీలు. ఆ కాగితాన్ని పీట మీద పరిచి మంచం పక్కన పెడితే, కూతురు పక్కకు తిరిగి పడుకుని పొద్దంతా గింజలు జరుపుతూ ఉండేది. నియమాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను.

మధ్యాహ్నం పూట వెనకింటి గొర్రెలామె వచ్చేది. ఆమె పుట్టిల్లు మడకశిర పక్క. నలభై గొర్రెల మంద ఆమెది. కూర్చున్నదంటే గింజల వంక చూడకుండా ఉండదు.

"ఇదేంది టీచరమ్మా, ఈ పెట్టెలో ఇద్దరు సూర్యులుండారు?"

"అది వేరే గ్రహం అత్తా," అంది కూతురు.

"ఒక్కనికే మనం ఎండి చస్తాండాము. ఇద్దరుండే ఊరికి పోయి కొట్లాడుకుంటాండారా! బుద్ధుండాదా వీళ్లకు?"

కూతురు నవ్వితే కడుపు పట్టుకునేది. నవ్వవద్దని కూతుర్ని, నవ్వించవద్దని ఆమెను, ఇద్దరినీ కోప్పడేదాన్ని.

జూన్ 23తో ఇరవై ఆరు వారాలు నిండాయి. ఆ రోజు మేమిద్దరమూ దాని మాట ఎత్తలేదు. పదమూడో రోజు ఎత్తు ఆమెది. ఒక గుండీని పడగొట్టింది.

జులై మూడో వారానికి ఆటలో నీళ్లకు కష్టమొచ్చింది. బండి ఒక్కొక్కటీ రోజుకు మూడు కొలతల నీళ్లు తాగుతుంది. మాకు పన్నెండు బండ్లు, అంటే రోజుకు ముప్పై ఆరు. మా పక్క బావులు ఎండుతూ వచ్చి ఇరవై మాత్రమే ఇస్తున్నాయి. రోజుకు పదహారు కొలతల లోటు. ఈశాన్యం మూలన ఒక పెద్ద మడుగు ఉంది. ఏం చేయాలా అని నేను పెన్సిలు పట్టుకుని కూర్చుంటే, గొర్రెలామె పీట మీదికి వంగింది.

"నీళ్లు లేనిచోట మందను పెట్టుకుని ఏం జూస్తాండావు? తోలుకపో. మేము ఎండాకాలం కణేకల్ పక్క కాలవకు పోము? వానొస్తే మళ్లా రామా?"

నాకు అది సబబుగా తోచింది. చిన్నప్పటినుంచి నేను చూసింది అదే. వాన లేకపోతే మందతోపాటు మనుషులు నీళ్లున్న వైపు పోతారు, తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి. రెండు వానలు పడ్డాక వచ్చి, కంప తీసి, ఇల్లు ఊడ్చుకుంటారు. నాలుగు ఎత్తుల్లో, నావి రెండు, కూతురివి రెండు, బండ్లన్నీ మడుగు దారి పట్టాయి. జులై 26, శనివారం, నలభై ఆరో రోజు. ఎత్తు నాది. ఠాణాలో మిగిలిన ఇద్దరు కాలిబంట్లను కూడా మంద వెనకాలే పంపించి, పదకొండున్నరకు మీట నొక్కాను.

గుట్ట చాటున ఒక్క యంత్రపు బంటు ఉన్నాడు. ఒక్కడే. రెండు గళ్లు నడిచి మా ఠాణాలో అడుగుపెట్టాడు. తెర నల్లబడి, ఒక్క వరుస అక్షరాలు వచ్చాయి.

కూతురు పెట్టెను లాక్కుని చూసింది.

"ఠాణాలో ఒక్కన్ని గూడా పెట్టలేదా?"

"పెట్టలేదు."

"ఎందుకుమా?"

"తిరిగొస్తాము గదా అనుకుంటి."

మొదట నవ్వింది. తర్వాత ఏడ్చింది. "నలభై ఆరు రోజులు మట్టి చేసినావు గదమ్మా," అంది. నేను ఏదో చెప్పబోయేలోగా మంచం దిగింది. వసారాదాకా పదకొండు అడుగులు నడిచి, స్తంభం పట్టుకుని నిలబడి, మళ్లీ పదకొండు అడుగులు వచ్చి పడుకుంది. ఠాణా శత్రువు చేతిలో పడితే ఆట అయిపోతుందని ఆమె నాకు మొదటి రోజే చెప్పింది. నోటుపుస్తకం మూడో పేజీలో నా దస్తూరీతోనే రాసి ఉంది. నీళ్ల లెక్క తప్పు కాలేదు. ఇల్లు ఎక్కడికీ పోదని అనుకోవడమే తప్పయింది.

మూడు గంటలకు కూతురి కడుపు బిగుసుకుపోయింది. గొర్రెలామె ఆటో పిలుచుకొచ్చింది. ఆటో గతుకుల్లో పోయినప్పుడల్లా నా చేతిని నొక్కిపట్టుకుంది కూతురు. అనంతపురం ఆస్పత్రి చేరేసరికి మూడు గంటల యాభై నిమిషాలు. డాక్టరమ్మ చూసి, కుట్టు గట్టిగానే ఉందని, నొప్పులు ఆగడానికి సూది వేస్తానని, రేపటిదాకా ఉండాలని చెప్పింది. సాయంత్రానికి కడుపు మెత్తబడింది.

"నేను లేసినందుకేనమ్మా," అంది కూతురు గోడ వైపు తిరిగి.

"నేను విడిచిపెట్టి పోయినందుకు నువ్వు లేసినావు."

"ఇంక ఏం మిగిలింది? నలభై ఆరూ పోయె."

"ఆటలో పోయినాయి పాపా. నీకు యాడ పోయినాయి? ముప్పై వారాల ఐదు రోజులు. నువ్వే లెక్క వేసుకో."

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. నేను చెప్తే నమ్మే మనిషి కాదు. సరిపోయిందని తల ఊపింది.

ఆదివారం పదకొండుంబావుకు ఇల్లు చేరాము. సోమవారం, జులై 28న, మొదటి రోజు మళ్లీ మొదలుపెట్టాము. కూతురు తన మొదటి ఎత్తులో ఒక కందిబేడను ఠాణా గడిలో పెట్టి, పైన వేలుతో ఒత్తింది. "వీన్ని ఎవరూ ముట్టేది లేదు. నువ్వు అసలు ముట్టగూడదు," అంది. సరేనన్నాను. గొర్రెలామె మాత్రం తన సలహాలో తప్పు ఒప్పుకోలేదు.

"మేము కంప పెట్టిపోతే మా ఇంటి గడప ఎవడూ దాటడు. తోలుకపోవడం తప్పు గాదు టీచరమ్మా. ఆ ఊరే సరిలేదు."

ఆ తర్వాత కూతురు మంచం దిగుతానని ఒక్కసారి కూడా అనలేదు. ఆగస్టులో మూడు వానలు పడ్డాయి, మూడూ దుమ్ము అణిగేంతే. ఆమె పొద్దున లేవగానే గింజల వంక చూసేది. నేను క్యాలెండరు వంక చూసేదాన్ని. సెప్టెంబరు 7, ఆదివారం వచ్చింది. ఆటలో నలభై రెండో రోజు. ఎత్తు నాది. శత్రువుకు ఇంకా ఎనిమిది యంత్రాలున్నాయి, మాకు ఐదు బండ్లు. గెలుపు ఎవరిదో తేలలేదు. నా ఎత్తు వేసి మీట నొక్కి, యంత్రాలు తమవి జరిపేదాకా చూసి, పెట్టె ఆపేశాను. కూతురు మంచం దిగి, గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచి వచ్చింది.

మరునాడు కుట్టు విప్పారు. సెప్టెంబరు 16, మంగళవారం, పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఆరువందల గ్రాములు. తూకం నా ఎదురుగానే వేశారు. ఆటను తర్వాత ఎవరూ ముందుకు జరపలేదు. నవంబరులో అల్లుడు పెట్టెను తీసుకుపోయాడు.

పోయినవి ఇవి. మొదటి ఆటలో బండ్లు పన్నెండు, కాలిబంట్లు పందొమ్మిది మంది, ఠాణా. రెండో ఆటలో, ఆపేసిన పూట వరకు, బండ్లు ఏడు, కాలిబంట్లు పద్నాలుగు మంది. చీమలు పట్టి కందిబేడలు ఒక గుప్పెడు. కూతురి కాళ్లలో బలం; అది తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఇంట్లో మనుషులు ఎవరూ పోలేదు. ఆటపెట్టెలో వేసిన సన్న బ్యాటరీ సెల్లులు పది.