దబ్బనం ముందు తుపాకీ

నేనేం చెప్పినా సగానికి తగ్గించి నమ్మమంటుంది మా ఆవిడ. మీరూ అలాగే చదవండి.

పోయిన సంవత్సరం కళ్యాణదుర్గంలో ఓ మిల్లుకు వేరుశనగ కాయలు తీసుకెళ్లాను. అక్కడ లక్ష్మక్క గేటు దగ్గర దబ్బనంతో గోనెసంచులు కుడుతూనే కాపలా కాస్తుంది. ఇంతలో జీపులోంచి ఓ పెద్దాయన దిగాడు. మిల్లుకొచ్చే సరుకులో సగం ఆయనదే. మీసాలు మూరెడు, భుజాన తుపాకీ బారెడు.

"తుపాకితో లోపలికి రాకూడదన్నా. మా సావుకారి మాట," అంది లక్ష్మక్క.

"లైసెన్సు ఉండాదమ్మా."

"అది తుపాకి పెట్టుకునేదానికి. ఈ జాగా మా సావుకారిది. వద్దన్నాక అడుగు పెడితే కేసయితాది."

"నేను సరుకు ఆపితే నీ పని పోతాది, తెలుసా?"

"పోనీలేన్నా. పని ఉన్నంతసేపు గేటు నాదే కదా."

దబ్బనం ఆగలేదు. అనంతపురం జిల్లా మొత్తం ఊపిరి బిగబట్టింది. నేను ధైర్యంగా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. ఆయన ఆమెను తేరిపార చూసి, తుపాకీని జీపులో పెట్టి తాళం వేసి వచ్చాడు.

"మా ఇంటికాడ నీలాంటిది ఉంటే నాకు ఆ తుపాకి మోసే పని తప్పేది," అంటూ లోపలికి నడిచాడు.

చట్టాన్ని అంత నెమ్మదిగా చెప్పిన లాయరును నేనింతవరకూ చూడలేదు. మీసాలు కావాలంటే బెత్తెడు తగ్గించుకోండి. ఆమె మాటలు మాత్రం అక్షరాలా నిజం. ఆమె పక్కన నిలబడ్డానన్నదే కల్పన. అదంతా నేను బస్తాల వెనక నుంచి విన్నాను.