ఎలుగుబంటి విన్న ప్రార్థన

నేను ఒక ఎలుగుబంటికి ప్రార్థన వినిపించానని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నోరు విప్పడానికే సిగ్గుపడే పిల్లని మరి.

మా నాన్న పాచిపెంట దగ్గర మిషను బడిలో మేష్టారు. దేవుడు చేసిన కొండల్నీ జలపాతాల్నీ ఫోటో తీయడం కూడా ఆరాధనే అంటారు. అందుకే గడియారం చూడరు. కెమెరా మూత తీసి పరలోక ప్రార్థన మొదలుపెట్టి, ఆమేన్ అనగానే మూత పెట్టేస్తారు. చెట్ల నీడలో, కెమెరా లోపల పెట్టిన అద్దపు పలక మీద బొమ్మ పడటానికి ఆ సేపు సరిపోతుంది.

నిరుడు ఈస్టరుకి గుడిలో పెట్టడానికి జలపాతం ఫోటో కావలసివచ్చింది. మద్రాసు నుంచి తెప్పించిన పలకల్లో ఒక్కటే మిగిలింది. "ఇది నువ్వు తియ్యవే గుంటా," అని నాన్న జలపాతానికి ఎదురుగా గట్టు మీద కెమెరా నిలబెట్టి, మొదటిసారి నాకు అప్పగించి, మంచినీళ్లకి దిగువ వాగుకి వెళ్లారు.

మూత తీసి ప్రార్థన మొదలుపెట్టానో లేదో, ఎదుట ఇప్పచెట్టు కింద రాలిన పువ్వులు తింటున్న ఎలుగుబంటి తలెత్తింది! కాళ్లు కదల్లేదు. పెదవులు మాత్రం ఆగలేదు. ఆమేన్ వచ్చింది గాని ఎలుగు వెళ్లలేదు. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ. అంత మనసుపెట్టి నేనెన్నడూ ప్రార్థించలేదు. అది కడుపునిండా తిని పొదల్లోకి వెళ్లాకే నాకు మూత గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి మందునీళ్లలో కడిగితే, వెలుగు ఎక్కువ పడిపోయి పలక నిండా నలుపే.

"ఏటమ్మా, ఎంతసేపు సేసినావు ప్రార్థన?" అన్నారు నాన్న.

ఎలుగు సంగతి చెబితే నన్నిక కొండెక్కనివ్వరు. "మధ్యలో ఆపలేకపోయాను నాన్నా," అన్నాను. అది అబద్ధమేం కాదు.

నాన్న పకపకా నవ్వారు. "పోన్లే, మళ్లీ పలకలొస్తే నువ్వే తీద్దువు గాని. ఈపాలి ఒక్క ఆమేన్‌తో ఆపీ!"